రెండు వారాలకొకసారి ఇంటికి, సాధారణంగా

చాడ్రన్, నెబ్రాస్కా
మార్చి 6

ప్రియమైన లీలండ్ మామయ్యకు,

లారీ లైసెన్స్ వచ్చింది. వెనక్కి నడిపే పరీక్షలో హద్దుకు గుర్తుగా పెట్టిన ఒక కోన్‌ను కొంచెం ప్రేమగా తాకాను గాని, పరీక్ష పెట్టినాయన దానిని స్నేహంగానే తీసుకున్నాడు. ఈ సంగతి ఫోన్‌లో చెప్పవలసింది. కాని నీ ఎడమ చెవిని ఇరవై తొమ్మిదేళ్ళ కిటికీ గాలి తినేసింది, కుడి చెవిని నువ్వే వాడుకోవడం లేదు. అందుకని కాగితం.

నా వంటింటి బల్ల మీద ఇప్పుడు మూడు కంపెనీలున్నాయి. ఒకటి సిల్వర్ ప్లెయిన్స్. దాని రంగుల పుస్తకం అట్ట మీద ఒక డ్రైవర్ తన కూతురినీ కుక్కనూ ఒకేసారి ఎత్తుకుని నవ్వుతున్నాడు. "రెండు వారాలకొకసారి ఇంటికి, సాధారణంగా" అని కింద రాశారు. రెండోది ఈగల్ క్రెస్ట్. దాంట్లోనూ కుక్క ఉంది, కాస్త చిన్నది. మూడోది మన దగ్గరి హోల్ట్‌మన్ బ్రదర్స్. వాళ్ళది ఒకే కాగితం, ఒక ఫోన్ నంబరు. కుక్క లేదు.

జీతం సంగతి నేను చూసుకుంటాను. నాకు కావలసింది శుక్రవారాలు. కోర్టు ఏమన్నదో అమ్మ నీకు రాసే ఉంటుంది. వారం విడిచి వారం, శుక్రవారం సాయంత్రం ఆరు గంటలకు, ఊరి గ్రంథాలయంలో కోరీ మా అమ్మాయి బ్రిన్‌ను తెచ్చి నాకు అప్పగించాలి, ఇద్దరం సంతకం పెట్టాలి. ఏడాదిలో మూడుసార్లు నేను రాకపోతే ఈ ఏర్పాటంతా మళ్ళీ విచారణకు వస్తుంది. నా మాజీ భర్త ఓపిక గురించి ఎప్పుడైనా చెడుగా మాట్లాడి ఉంటే క్షమించు. ఆ మూడు సార్ల కోసం ఎంతో ఓపికగా ఎదురుచూస్తున్నాడు.

వృద్ధాశ్రమం వంటగదిలో వచ్చే జీతంతో రెండో పడకగది ఉన్న ఇల్లు దొరకదు, బ్రిన్‌కు ఎనిమిదేళ్ళు వచ్చాయి. కనుక ట్రక్కు తప్పదు. నువ్వు ఇరవై తొమ్మిదేళ్ళు నడిపావు, తరువాత నాలుగేళ్ళు ఆఫీసులో కూర్చున్నావు. ఏ కుక్కను నమ్మమంటావు?

కెండ్రా

*

జాప్లిన్, మిస్సౌరి
మార్చి 11

చిరంజీవి కెండ్రాకు,

అభినందనలు. కోన్‌కు నా సానుభూతి తెలియజెయ్యి.

ముందుగా ఆ వాక్యం చూద్దాం. "రెండు వారాలకొకసారి ఇంటికి, సాధారణంగా." ఇందులో పని చేసే మాట చివరిది ఒక్కటే. మిగిలినవన్నీ దానికి కాపలా కాస్తున్నాయి. రేపు నువ్వు నాలుగు వారాలు రోడ్డు మీదే ఉండిపోతే, కంపెనీ అబద్ధం చెప్పినట్టు కాదు. నీ పరిస్థితి సాధారణం కానట్టు.

ఇక మార్గాల పటం. నెబ్రాస్కా మొత్తానికి పచ్చ రంగు పూసి ఉంటారు. రంగు పూసేవాడికి ఖర్చేమీ లేదు. వాళ్ళ ట్రక్కులు నడిచేది రాష్ట్రం అడుగున పోయే ఎనభై నంబరు రహదారి మీద. నువ్వుండేది పైన, మూలన. సిడ్నీ దగ్గర ఆ రహదారి దిగి నీ గుమ్మం చేరాలంటే నూట ముప్పై మైళ్ళు. ఖాళీ ట్రైలర్‌తో అంత దూరం నిన్ను ఇంటికి దిగబెట్టడానికి కంపెనీ నీకు బాబాయి కాదు.

శిక్షణ గురించి ఒకే ప్రశ్న అడుగు: "నేను నడుపుతున్నప్పుడు నాకు నేర్పే మనిషి ఎక్కడ ఉంటాడు?" పక్క సీట్లో అని వెంటనే చెబితే మంచిది. ఒక్క క్షణం ఆగి మాట్లాడితే, అతను వెనక మంచం మీద గురక పెడుతుంటాడని అర్థం. నువ్వు నడిపిన మైళ్ళకు కూడా అతనికే డబ్బు వస్తుంది. ఇద్దరూ వంతులు వేసుకుంటే ట్రక్కు రోజుకు ఇరవై గంటలు ఆగకుండా పోతుంది. దానికి వాళ్ళు పెట్టిన పేరు శిక్షణ.

ఆ పుస్తకాలన్నీ పక్కన పెట్టి ఒక పని చెయ్యి. మీ ఊరి రెండు రోడ్లు కలిసేచోట డీజిల్ బంకు ఉందిగా. బుధవారం నుంచి శుక్రవారం దాకా అక్కడ కాఫీ తాగుతూ కూర్చో. ఆగిన ప్రతి ట్రక్కు తలుపు మీది పేరు రాసుకో. ఏ కంపెనీ సరుకు నీ ఊరికి వస్తుందో అదే నిన్నూ నీ ఊరికి తెస్తుంది. మిగతా వాళ్ళకు నువ్వు దారి మళ్ళిన ఖర్చువి.

కుక్కలను నమ్మవద్దు. అవి అద్దెకు వస్తాయి.

మీ మామయ్య
లీలండ్

*

చాడ్రన్
ఏప్రిల్ 2

మామయ్యకు,

మూడు రోజులు కూర్చున్నాను. మొదటి రోజు మధ్యాహ్నానికే బంకులో కౌంటర్ దగ్గరి ఆవిడ వచ్చింది. "ఎవరి మొగుణ్ణి పట్టుకోవడానికి కూర్చున్నావే? చెప్తే నేనూ ఓ కన్నేసి ఉంచుతా" అంది. ట్రక్కులు లెక్కపెడుతున్నానంటే నమ్మలేదు. మరునాటి నుంచి కాఫీ ఉచితంగా పోసింది, జాలిపడి.

లెక్క ఇది. చిక్కుడు గింజలు మోసే హోల్ట్‌మన్ ట్రక్కులు పదిహేడు. పశువులవి పదకొండు, గడ్డివి తొమ్మిది. ఈగల్ క్రెస్ట్ సున్నా. సిల్వర్ ప్లెయిన్స్ ఒక్కటే, శుక్రవారం సాయంత్రం వచ్చింది. అది బంకుకు కూడా రాలేదు. ఎదుటి చౌక సరుకుల దుకాణం వెనక సందులో ఆగింది. దాని డ్రైవర్ ట్రైలర్‌లోంచి పెట్టెలు తానే మోసి దించుకుంటూ దుకాణాన్నీ, పెట్టెలనూ, తన పుట్టుకనూ తిడుతున్నాడు. వాటిలో రెండు తిట్లు నాకు కొత్త.

వెంటనే హోల్ట్‌మన్ దగ్గరికి వెళ్ళాను. పెద్దాయన టోపీ తీసి మరీ మాట్లాడాడు. "రెండేళ్ళు ఎక్కడన్నా నడిపి రా తల్లీ, తలుపు తీసే ఉంటది. నాకేం అభ్యంతరం లేదు, బీమావాళ్ళకే కొత్త డ్రైవరంటే వణుకు" అన్నాడు. కొత్తవాళ్ళను తీసుకునేది పెద్ద కంపెనీలే. కొత్తవాళ్ళు ఇల్లు చేరలేనిది కూడా ఆ కంపెనీల్లోనే. ఈ ఏర్పాటు కనిపెట్టినవాడికి ఎక్కడో ఒక విగ్రహం ఉండే ఉంటుంది.

నీ ప్రశ్న సిల్వర్ ప్లెయిన్స్ రిక్రూటర్‌ను అడిగాను. పేరు కైలీ. "అయ్యో బంగారం, మీ ట్రైనర్ ఎప్పుడూ మీతోనే ఉంటారు! మీరిప్పుడు మా ఫ్యామిలీ" అంది. ట్రక్కులోనే ఉంటాడని అర్థమైంది, ఎక్కడనేది కాలేదు. ఇంకా ఆలోచిస్తున్నాను.

కెండ్రా

*

జాప్లిన్
ఏప్రిల్ 8

కెండ్రాకు,

నీ ఉత్తరం కాగితం అడుగున రెండు అంగుళాలు కత్తెరతో చక్కగా తీసేశావు. వంకర లేదు. చిన్నప్పటి నుంచీ నీ చేతిపని బాగుంటుంది.

అది హోటల్ గదుల్లో ఉంచే కాగితం, ఆ రెండు అంగుళాల్లో హోటల్ పేరు అచ్చయి ఉండి ఉంటుంది. ఒమాహా పడమటి వైపు, ఇద్దరికి ఒక గది, పొద్దున్నే పొడితో చేసిన ఆమ్లెట్. కొత్తవాళ్ళను మూడు నాలుగు రోజులు కూర్చోబెట్టి సంతకాలు తీసుకునేది అక్కడే. ఆలోచిస్తున్నానని రాసే నాటికే నువ్వు సంతకం పెట్టేశావు.

కోప్పడటం లేదు. అద్దె కట్టవలసినవాళ్ళు ఎక్కువ కాలం ఆలోచించలేరు. ఇకమీదట ఒకటి పాటించు. క్యాబిన్‌లో, ఏ ట్రక్కు ఎటు పోవాలో చెప్పే డిస్పాచర్‌తో రాతలో మాట్లాడే తెర ఉంటుంది. ఎవరు ఏ మాట ఇచ్చినా దాన్ని ఆ తెర మీద తేదీతో, గంటతో రాయించుకో. "శుక్రవారం 18, సాయంత్రం ఆరు, చాడ్రన్" అని నువ్వే రాసి, అవును అనిపించుకో. ఫోన్‌లో అందరూ మంచివాళ్ళే.

ఉత్తరాలు ఇక ఒమాహాలో కంపెనీ టెర్మినల్‌లో డ్రైవర్ల ఉత్తరాలు పెట్టే అరకు పంపుతాను. నాకా అర తెలుసు.

లీలండ్

*

వాల్డోస్టా దగ్గర ట్రక్కులు ఆగేచోటు, జార్జియా
ఏప్రిల్ 20

లీలండ్ క్రౌస్ గారికి,

ఈ పిలుపు ఎందుకో చివర చెబుతాను.

నాకు నేర్పే ఆయన పేరు డెల్బర్ట్. మంచివాడు. అతని మంచితనం నేను చూసినదాని కంటే విన్నది ఎక్కువ, మంచం పరదా వెనక నుంచి, గురక రూపంలో. లైసెన్స్ వచ్చి నెలన్నర కాలేదు, అట్లాంటా చుట్టూ ఏడు వరుసల రోడ్డు మీద నలభై టన్నులు నేనొక్కదాన్నే నడిపాను. మధ్యలో ఒకసారి లేచి, "బానే పోతున్నావ్, ఎడం పక్క కారోణ్ణి చూస్కో" అని మళ్ళీ పడుకున్నాడు. ఆ రోజుకు పాఠం అది.

మొన్న శుక్రవారం పోయింది. నువ్వు చెప్పినట్టు తెర మీద రాశాను. జవాబు కూడా రాతలోనే వచ్చింది, చాలా మర్యాదగా: "శిక్షణ కాలానికి ఇంటి సెలవు వర్తించదు. మీ ఒప్పందం పదకొండో పేజీ చూడగలరు." చూశాను. ఉంది. ఆరు గంటలకు నేను అలబామాలో ఉన్నాను. కోరీ ఒక్కడే సంతకం పెట్టి బ్రిన్‌ను వెనక్కి తీసుకుపోయాడు. అది ఒకటి.

ఇప్పుడు నీ సంగతి. నిన్న తింటూ డెల్బర్ట్, మీవాళ్ళలో ఎవరన్నా ట్రక్కు నడిపారా అని అడిగాడు. మామయ్య నడిపాడు, పేరిదీ, అన్నాను. అతను చెంచా కింద పెట్టాడు. "జాప్లిన్ లీలండ్ క్రౌసా? నన్ను ఈ కంపెనీలో చేర్పించిందే ఆయన. ఫోన్‌లో తేనె పోసినట్టు మాట్లాడేవాడు. రెండు వారాలకోసారి ఇంట్లో ఉంటావు తమ్ముడూ అన్నాడు. మా పెద్దోడి బారసాలకి వెళ్ళింది లేదు" అన్నాడు.

నాలుగేళ్ళు ఆఫీసులో బీమా కాగితాలు చూశావని అమ్మ నాతో చెప్పింది. అమ్మతో ఎవరు చెప్పారో నేను అడగను. ఆ వాక్యంలో ఏ మాట పని చేస్తుందో నీకంత బాగా ఎలా తెలుసా అని మాత్రం మార్చిలోనే అనుకోవలసింది.

కెండ్రా స్టూర్

*

జాప్లిన్
ఏప్రిల్ 26

కెండ్రాకు,

డెల్బర్ట్ చెప్పింది నిజం. బీమా కాగితాలు అబద్ధం.

నేను నడిపిన కంపెనీ మూతపడ్డాక జాప్లిన్‌లో ఒక ఏజెన్సీలో చేరాను. ఆరేడు పెద్ద కంపెనీలకు డ్రైవర్లను ఫోన్ మీద చేర్పించడం మా పని. నిజమైన డ్రైవర్ గొంతుకు గిరాకీ ఎక్కువ. ఆ వాక్యాన్ని మొదట "తప్పకుండా" అని రాశారు. వకీలు ఒప్పుకోలేదు. "సాధారణంగా" అని పెడితే ఇబ్బంది ఉండదని చెప్పినది నేను. ఆ రోజు మధ్యాహ్నం నాకు భోజనం పెట్టించారు. నాలుగేళ్ళ తరువాత, నేను చేర్పించిన ఒకతని భార్య ఫోన్ చేసి, అతను ఎక్కడున్నాడో నన్ను అడిగింది. నాకు తెలియదు. మరుసటి వారం మానేశాను. కారణం చెవి అని అందరికీ చెప్పాను. చెవి అప్పటికి బాగానే ఉంది.

నీ మొదటి ఉత్తరంలో ఆ మాట చూసినప్పుడే ఇదంతా చెప్పవలసింది. చెప్పి ఉంటే నువ్వు నా సలహా వినేదానివి కాదనుకున్నాను. చెప్పకపోయినా వినలేదు. ఆ రకంగా లెక్క సరిపోయింది.

కోపం తరువాత పడు, ముందు ఇది చదువు. నీ లెక్కలో సిల్వర్ ప్లెయిన్స్ ట్రక్కు ఒకటి, శుక్రవారం, చౌక సరుకుల దుకాణం వెనక. అది దారి తప్పి వచ్చినది కాదు. ఆ దుకాణాలన్నిటికీ సరుకు వేసే ఒప్పందం ఆ కంపెనీకి ఉంది, దానికి వేరే ట్రక్కులు, వేరే మేనేజర్. నార్త్ ప్లాట్ గోదాములో ఎక్కించుకుని మీ మూల చిన్న ఊళ్ళన్నీ తిరగడమే పని. వారానికి రెండు మూడు వేల పెట్టెలు చేతులతో దించాలి. నడుం పోతుంది. మూడు నెలలు ఎవరూ నిలవరు. అనుభవం ఉన్నవాళ్ళు దాన్ని శిక్షగా చూస్తారు, కనుక అనుభవం అడగరు. కైలీ నీకు దాని మాట ఎత్తలేదు, ఎందుకంటే పెట్టెలు ఎత్తమంటే కొత్తవాళ్ళు ఫోన్ పెట్టేస్తారు. మేమూ ఎత్తేవాళ్ళం కాదు.

శిక్షణ ముగిసిన రోజే, డిస్పాచర్‌ను కాకుండా ఆ దుకాణాల మార్గం మేనేజర్‌ను నేరుగా అడుగు. నీ ఊరు ఆ మార్గంలోనే ఉందని చెప్పు. నా పేరు చెప్పవద్దు. ఆ పేరుతో తలుపులు తెరుచుకునే కాలం కాదు ఇది.

లీలండ్

*

చాడ్రన్
మే 9

మామయ్యకు,

పిలుపు మార్చాను. క్షమించానని కాదు, ఇంటిపేరుతో రాస్తే కవరు మీద రాసిందే మళ్ళీ రాసినట్టుంటోంది.

రెండో శుక్రవారం కూడా పోయింది. ఈసారి డెల్బర్ట్ తప్పు కాదు. నీ ఉత్తరం తీసుకోవడానికి ఒమాహాలో ఆగాం. అందులో అతని పేరుంది గదా అని చదివి వినిపించాను. ఆ రోజు నుంచి పక్క సీట్లో కూర్చున్నాడు. శుక్రవారానికి నన్ను చాడ్రన్‌లో దింపుతానని తనే తెర మీద రాశాడు. వ్యోమింగ్‌లో మంచు గాలి వచ్చి రాలిన్స్ దగ్గర రోడ్డు మూసేశారు. పద్దెనిమిది గంటలు వరుసగా నిలబడ్డ ట్రక్కుల్లో కూర్చున్నాం. గాలిని కోర్టు లెక్కలోకి తీసుకోదట, వకీలును అడిగాను. అది రెండు. ఇక ఒక్కటే మిగిలింది.

శిక్షణ ముగిసింది. దుకాణాల మార్గం మేనేజర్ పేరు నోరీన్. ఆ మార్గం కావాలని అడిగితే, "ఏం, ఎవరితోనైనా పందెం ఓడిపోయావా?" అంది. కాదన్నాను. "పదకొండేళ్ళుగా ఇక్కడున్నా. అడిగి మరీ వచ్చినదానివి నువ్వే. నడుం బెల్ట్ ఏ సైజు?" అంది. సోమవారం నుంచి మొదలు. శుక్రవారం ఆఖరి దుకాణం చాడ్రన్.

డెల్బర్ట్ నీకు ఒక మాట చెప్పమన్నాడు. దాన్ని కాగితం మీద పెట్టడానికి వీల్లేదు.

కెండ్రా

*

చాడ్రన్
జూన్ 1

మామయ్యకు,

మే 16 బాగానే జరిగింది, నలభై నిమిషాలు ముందే ఉన్నాను. ఇది మొన్నటి శుక్రవారం గురించి.

హెమింగ్‌ఫర్డ్‌లో దుకాణం తాళంచెవి ఉన్న అమ్మాయి పంటి డాక్టర్ దగ్గరికి వెళ్ళింది. గంటన్నర ఆగాను. చాడ్రన్ సందులోకి ట్రక్కు పెట్టేసరికి నాలుగున్నర, లోపల ఆరు వందల పెట్టెలు. నడుం మీద ఆశ వదులుకుని దించాను. ఆరుకు పావు తక్కువయ్యేసరికి సగం మిగిలాయి. అన్నీ కుక్కబిస్కెట్లూ, బట్టలసబ్బు నీళ్ళ డబ్బాలూ.

ట్రైలర్ తలుపు మూసి తాళం వేశాను. దుకాణం మేనేజర్ పరిగెత్తుకుంటూ వచ్చాడు.

"ఏయ్, ఎక్కడికి? సగమే దించావు."

"గ్రంథాలయానికి. మిగతావి రేపు ఎనిమిదింటికి."

"గ్రంథాలయమా? అర్జెంటుగా చదివేదేముంది? చూడు, నేను ఆలస్యమని రాస్తా. సరుకు రాలేదని రాస్తా."

"రాయండి. పెన్ను కావాలా?"

క్యాబిన్‌లో తెర మీద నోరీన్‌కు రాశాను: ఆరు గంటలకు నా కూతురు, మిగిలిన మూడు వందల పెట్టెలు రేపు ఉదయం. ఒక్క నిమిషంలో జవాబు వచ్చింది: "ఇది నీ రికార్డులో ఆలస్యం కింద పడుతుంది. మూడేళ్ళు ఉంటుంది. హోల్ట్‌మన్‌లో చేరాలన్నావుగా, వాళ్ళు కూడా చూస్తారు. తెలిసే చేస్తున్నావా?" తెలుసన్నాను. "అయితే తెర చూస్తూ నిలబడకు" అని వచ్చింది.

రెండు వీధులు. దూరానికి మెరిసే పనిచొక్కా, నడుం బెల్ట్, బూట్లు, అన్నీ వేసుకునే పరిగెత్తాను. కోరీ తలుపు దగ్గర నిలబడి పెద్ద గడియారం వైపు చూస్తున్నాడు. చేతిలో పెన్ను మూత తీసి ఉంది. నన్ను చూశాక మూత పెట్టాడు.

"ట్రక్కు ఎక్కడో సందులో వదిలేసి వచ్చినట్టున్నావు. రేపటికి ఊరంతా చెప్పుకుంటారు."

"రెండు నిమిషాలుంది కోరీ. ఆ పెన్ను నాకివ్వు."

సంతకం పెట్టాను. ఐదు గంటల యాభై ఎనిమిది అని పక్కనే రాయించాను. బ్రిన్ నన్ను వాసన చూసి, "అమ్మా, కుక్కబిస్కెట్ కంపు కొడుతున్నావు" అంది. కంపెనీ అనుమతి లేకుండా పిల్లల్ని ట్రక్కు ఎక్కించకూడదు కదా, ఇంటికి నడిచే వెళ్ళాం. మరునాడు అమ్మ బ్రిన్‌ను చూసుకుంటే ఎనిమిదింటికి వెళ్ళి మిగతావి దించాను. ఇవాళ నడుం వంగడం లేదు, నిలబడే రాస్తున్నాను.

రికార్డులో ఆలస్యం పడింది, నిన్ననే కాగితం వచ్చింది. ఇది హోల్ట్‌మన్ దగ్గర నన్ను ముంచుతుందా? నిజం చెప్పు. తేనె వద్దు.

కెండ్రా

*

జాప్లిన్
జూన్ 7

కెండ్రాకు,

ముంచదు. కారణం రాసి ఉన్న ఒక్క ఆలస్యాన్ని చూసి పెద్ద కంపెనీలు కనుబొమ్మ ఎత్తుతాయి. చిక్కుడు గింజలు మోసేవాళ్ళు ఎత్తరు. నోరీన్ రాసిన జవాబులను కాపీ తీసి దాచుకో. జూన్ 13న సరుకు ఎంత వస్తుందో బుధవారమే గోదాముకు ఫోన్ చేసి అడుగు. ఎక్కువ ఉంటే హెమింగ్‌ఫర్డ్ కంటే ముందు చాడ్రన్ దించేట్టు ఎక్కించమను. లోపల పెట్టెలు సర్దేవాళ్ళు విసుక్కుంటారు, రెండు డబ్బాల డోనట్లతో ఆ విసుగు తగ్గుతుంది. వేడి నీళ్ళ సంచీ నడుం కింద పెట్టుకో, పైన కాదు.

నా రికార్డు అడగలేదు గాని చెబుతాను. ఇరవై తొమ్మిదేళ్ళలో ఒక్క ఆలస్యమూ లేదు. మంచులో లేదు, వరదలో లేదు. మధ్యలో ఒకసారి దానికి కంపెనీ నాకు ఇత్తడి బెల్టు బిళ్ళ ఇచ్చింది, పేరు చెక్కించి. మా అబ్బాయి వేన్‌కు పదో పుట్టినరోజుకు దాన్ని రోడ్డు మీద నుంచే పోస్టులో పంపాను. వాడు పెళ్ళికి పెట్టుకున్నాడో లేదో తెలియదు. పెళ్ళి జరిగిందని నాకు మరుసటి వేసవిలో తెలిసింది.

మీ మామయ్య
లీలండ్